చలికాలం నాగావళిలో ఫ్లై రాడ్: బావ మంకీ క్యాప్, ఊడిపోయిన రాడ్ ముక్క, కొన్ని చిన్న చేపలు

నాగావళి గట్టు | రాయగడ | ఆదివారం రాత్రి 9:15

అందరికీ నమస్కారం. చలికాలంలో ఫ్లైకి, అంటే ఈకలతో పురుగులా కట్టిన గేలానికి, చేపలు పడతాయా, లేక ఊరికే వణికి రావడమేనా అని ఇక్కడ ఎవరో అడిగారు. ఇవాళే వెళ్ళొచ్చాం కాబట్టి రాస్తున్నాను. పడతాయి. కానీ మీరు అనుకునే చేపలు కావు, మీరు అనుకునే వేళకీ కావు.

వెళ్ళింది ముగ్గురం. నేను, పార్వతీపురం నుంచి వచ్చిన మా బావ, ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు. బావ చెరువుల్లో బొచ్చెలకి, రోహులకి గేలం వేసే మనిషి. తెల్లారేసరికి నీళ్ళ దగ్గర లేకపోతే ఆయన లెక్కలో అది చేపల వేటే కాదు. చేపకి మనలాగ ఒంట్లో సొంత వేడి ఉండదు, పుష్యమాసంలో ఎండెక్కేదాకా అది అడుగున కదలకుండా పడి ఉంటుంది, పదింటికి బయల్దేరితే చాలు బావా అని చెప్పి చూశాను. "పెద్దవాణ్ణి, చెప్తే విను" అన్నాడు. అక్క కూడా ఆయన వైపే మాట్లాడింది. ఇంకేం చేస్తాం, నాలుగున్నరకి రెండు బళ్ళ మీద కల్యాణ్‌సింగ్‌పూర్ రోడ్డు పట్టాం.

మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు బండి వెనక లైటు తప్ప ఏమీ కనపడలేదు. నా కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నాను. బావకి గ్లవ్స్ లేవు. వేళ్ళు బిగుసుకుపోయి బ్రేకు నొక్కలేక, మేము ఆగిన చోటు దాటి చాలా ముందుకెళ్ళి ఆగాడు. అక్కణ్ణుంచి వెనక్కి బండి తోసుకుంటూ వచ్చాడు. ఆ ఒక్క పని వల్లే ఒళ్ళు కాస్త వెచ్చబడిందట.

ఏటి దగ్గర పుల్లలన్నీ మంచుకి తడిసి ఉన్నాయి, మంట రాజుకోలేదు. బావ జేబులోంచి కర్పూరం పొట్లం తీశాడు. దారిలో మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళమని అక్క ఇచ్చిన కర్పూరం అది. చలిమంటైతే బ్రహ్మాండంగా రాజుకుంది. దాని పక్కనే బండకి మా మేనల్లుడు నా 5 వెయిట్ రాడ్ (అంకె తగ్గేకొద్దీ రాడ్ తేలిక) ఆనించాడు. ఫ్లై లైన్ అంటే లోపల అల్లిన దారం, పైన పీవీసీ పూత. నిప్పురవ్వ పడి ఒకచోట పూత ఉబ్బిపోయింది. ఇక ఆ చోటు గైడ్లలోంచి, అదే రాడ్ మీది రింగుల్లోంచి, దాటినప్పుడల్లా టక్కుమని తగులుతూనే ఉంది.

ఎనిమిదిన్నర దాకా ఒక్క చేప కూడా ముట్టలేదు. మిగతాది అన్నం తిని రాస్తాను.

జయపురం కాఫీ | ఆదివారం రాత్రి 9:31

గట్టు అన్నా, మంకీ క్యాప్ సంగతి టైటిల్లో పెట్టి మధ్యలో లేచిపోతే ఎలా?

గుణుపురం విసురువల | ఆదివారం రాత్రి 9:40

అందుకే నేను ఈ ఫ్లై జోలికి పోను. రాడ్ ఒక ఖర్చు, రీలు ఒక ఖర్చు, లైన్ ఇంకో ఖర్చు. చివర కట్టేది మాత్రం కోడి ఈక. మా వంశధారలో నాకు టంగీసు దారం, బెండు, నాలుగు ఎర్రలు ఉంటే చాలు. మనసైతే విసురువల. ఒక్క విసురుకి కూర వస్తుంది. మీరు నాలుగున్నరకి లేచి లైన్ కాల్చుకున్నారు.

నాగావళి గట్టు | ఆదివారం రాత్రి 10:20

విసురువల అన్నయ్యా, మీ మాటకి తర్వాత వస్తాను. ముందు మంకీ క్యాప్.

కొండ మీంచి ఎండ దిగాక బావకి ఫ్లై విసరడం నేర్పుదామని రాడ్ చేతికిచ్చాను. మామూలు స్పిన్నింగ్ రాడ్‌లో చివర ఉన్న బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఫ్లైకి బరువే ఉండదు, లైనే బరువు. అది వెనక గాలిలో పూర్తిగా చాపుకునేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకి తోయాలి. మా బావకి ఆగడం ఒక్కటే రాదు. చెరువు అలవాటుకొద్దీ భుజం వెనక్కి లాగి ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. ఫ్లై వెళ్ళి ఆయన తలకే ఉన్న మంకీ క్యాప్‌కి తగులుకుంది. అది తెలియక మళ్ళీ కొట్టాడు. ఈసారి క్యాప్ ఊడి ఏటి మధ్యలో పడింది. నీళ్ళు తాగి బరువెక్కిన ఆ క్యాప్‌ని ప్రవాహానికి ఎదురు లాగడానికి చాలాసేపు పట్టింది. రాడ్ అంతలా వంగడం మళ్ళీ ఇవాళ చూడలేదు.

తర్వాత మేనల్లుడి వంతు. నా రాడ్ నాలుగు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించాలి. చలికి వేళ్ళు మొద్దుబారి వాడు చివరి ముక్క సరిగా బిగించలేదు. కాసేపు బాగానే విసిరాడు. ఆనక ఒక విసురుకి ఆ ముక్క ఊడి రామబాణంలా లైన్ వెంబడి నీళ్ళలోకి పోయింది. లైన్ మీదే జారుతుంది, ఫ్లై దగ్గర ఆగుతుందిలే అనుకునేలోపు ముడి తెగింది.

చలికాలం నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే, తొడల్లోతు అడుగున ఆ ముక్క స్పష్టంగా కనపడుతోంది. ఎవరు దిగాలి? కొడుకు చేసిన పని కాబట్టి తండ్రే దిగాలని నేను, మామే దగ్గరుండి నేర్పాడు కాబట్టి మామే దిగాలని వాడు. చివరికి బావే ప్యాంటు మడిచి దిగాడు. పాచి పట్టిన బండ మీద కాలు జారి మెడదాకా మునిగాడు. లేచేటప్పుడు మాత్రం చేతిలో రాడ్ ముక్కతోనే లేచాడు. అప్పుడు ఆయన అన్న మాటలు ఇక్కడ రాస్తే మోడరేటర్ తీసేస్తారు.

పర్లాకిమిడి ఈకలక్క | ఆదివారం రాత్రి 10:48

నవ్వీ నవ్వీ కడుపు నొప్పొచ్చింది గానీ, తమ్ముడూ, ఆ మంకీ క్యాప్ మీ బావగారి చెవిని కాపాడింది. ఇంకొంచెం కిందకి అయితే కన్ను. ఫ్లై రాడ్ పట్టుకునే ప్రతివాళ్ళూ కళ్ళద్దాలు పెట్టుకోవాలి, చూపు బాగున్నా సరే. చూసేవాళ్ళు విసిరేవాడి వెనక నిలబడకూడదు. గేలం ముల్లు దగ్గర ఉండే ఎదురు కొక్కెం, అదే బార్బ్, దాన్ని పట్టకారుతో నొక్కేసి వాడండి. చేపకి మంచిది, బావలకీ మంచిది.

ఒకవేళ చేతిలోనో వీపులోనో బార్బుతో సహా దిగితే కోసుకోకండి. గేలం వంపులోంచి గట్టి దారం ఒకటి దూర్చాలి. గేలం కాడని చర్మానికి ఆనించి నొక్కి పట్టుకోవాలి. అప్పుడు దారాన్ని గేలం వచ్చిన దారిలోనే ఒక్కసారిగా లాగాలి. మెల్లగా లాగితే రాదు. తర్వాత టీటీ ఇంజక్షన్. కంటి దగ్గర, మెడ దగ్గర అయితే ముట్టుకోకుండా నేరుగా డాక్టరు దగ్గరికే.

రాడ్ ముక్కల మొగ చివరలకి కొవ్వొత్తి మైనం పలచగా రుద్దండి. ఊడిపోదు, తీసేటప్పుడు బిగుసుకుపోదు కూడా. ఇంకోటి, దోమల క్రీము రాసుకున్న చేతులతో ఫ్లై లైన్ ముట్టుకోవద్దు. ఆ క్రీముల్లో ఉండే డీట్ అనే మందు పీవీసీ పూతని తినేస్తుంది. నిప్పురవ్వ కన్నా అది దొంగదెబ్బ.

కులూ మంచు | ఉద్యోగం హిమాచల్, ఊరు గుణుపురం | ఆదివారం రాత్రి 11:05

మీ పోస్టులు చదువుతుంటే ఏడుపొస్తోంది. ఇంటి పక్కనే ట్రౌట్ అనే చల్లనీళ్ళ చేప ఉన్న ఏరు. కానీ హిమాచల్‌లో నవంబరు మొదటి తారీఖు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట బంద్. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది ఈ చలిలోనే. రాడ్ అటక మీద ఉంది, రోజూ చూసుకుంటున్నాను.

చలికాలంలో కూడా ట్రౌట్‌కి వెళ్ళే దేశాల్లో రాడ్ గైడ్లలో నీటి బొట్లు గడ్డకట్టి లైన్ కదలదు. మాటిమాటికీ రాడ్‌ని ఏట్లో ముంచి ఆ మంచు కరిగించుకోవాలి. మీకు కోరాపుట్ చలి అయినా సరే ఆ బాధ లేదు. బావగారికి నా నమస్కారాలు చెప్పండి.

జయపురం కాఫీ | ఆదివారం రాత్రి 11:12

దేవమాలి మీద కూడా చలే కదా. మన దగ్గర ట్రౌట్ వేస్తే బతకదా?

కులూ మంచు | ఆదివారం రాత్రి 11:20

చలి రెండు నెలలే కదా తమ్ముడూ. ట్రౌట్‌కి ఏడాది పొడుగునా చల్లటి నీళ్ళు కావాలి. మీ ఏప్రిల్, మే ఎండకి నీళ్ళు వేడెక్కితే అది ఊపిరాడక చస్తుంది. దక్షిణాదిలో నీలగిరి లాంటి ఎత్తుల్లో వేశారు, అక్కడ నిలబడింది. మనకి మన చేపలు చాలు.

సిరొంచ ఇసుక | గడ్చిరోలి జిల్లా | సోమవారం ఉదయం 6:50

అన్నలకి నమస్తే. నేను కొత్త. మీకు బండలున్న ఏళ్ళు దొరికాయి, మా దిక్కు అంతా ఇసుకే. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయి, మా సిరొంచ పక్క నుంచి పోయి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. వానాకాలంలో అవతలి ఒడ్డు కనపడదు. ఇప్పుడు నీళ్ళు తగ్గి పాయలు పాయలుగా విడిపోయాయి. గాలి మాత్రం విపరీతం. లైన్ విసిరితే తిరిగి నా ముఖం మీదికే వస్తోంది. యూట్యూబ్‌లో చూసి 3 వెయిట్ రాడ్ కొన్నాను. ఇంత పెద్ద నదికి అది సరిపోతుందా? చేపలు అసలు ఎక్కడుంటాయి?

నాగావళి గట్టు | సోమవారం ఉదయం 8:10

సిరొంచ తమ్ముడూ, రా రా. ఆ గాలికి 3 వెయిట్ చాలదు, 7 గానీ 8 గానీ కావాలి. అది దొరికేదాకా రాడ్‌ని తల మీంచి కాకుండా పక్క నుంచి, నీళ్ళకి దగ్గరగా తిప్పి విసురు. గాలి వీపు మీద పడేటట్టు నిలబడు. గాలి కుడి నుంచి వస్తుంటే లైన్ నీ మీదికే వస్తుంది కాబట్టి ఎడమ భుజం మీంచి వెయ్యి.

ఇసుక నదిలో నది మొత్తం చూస్తే ఏమీ అర్థం కాదు. విడిపోయిన రెండు పాయలు మళ్ళీ కలిసే చోటు చూడు. అక్కడ ఇసుక తెగి లోతు ఉంటుంది. లేత పచ్చ నీళ్ళు ముదురు రంగుకి మారే ఆ అంచు వెంట చిన్న చేపలు తిరుగుతాయి, వాటి కోసం సాయంత్రం వాలుగ వస్తుంది. ఫ్లై కూడా చిన్న చేప ఆకారంలో, తళుకు దారం కట్టినది వెయ్యి. వాలుగ పళ్ళకి సన్న దారం ఆగదు, చివర జానెడు సన్నటి వైరు వేసుకో.

ఒక్క మాట. అవతలి ఒడ్డున తెలంగాణలో ప్రాణహిత అభయారణ్యం ఉంది, మీ జిల్లాలోనే చప్రాళ అభయారణ్యం ఉంది. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటి హద్దుల్లో చేపకి కూడా అనుమతి కావాలి. హద్దు ఎక్కడో ఫారెస్టు వాళ్ళని అడిగి దిగు.

జలాపుట్ లైన్‌మన్ | సోమవారం మధ్యాహ్నం 1:25

నాకు ఫ్లై రాదు, ఈ వేదిక చదవడమే ఇష్టం. కానీ ఒకటి చెప్పాలి. ఈ రాడ్లన్నీ కార్బన్‌వి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. తొమ్మిదడుగుల రాడ్ బిగించి భుజాన వేసుకుని 11 కేవీ తీగల కింద నుంచి ఏటికి నడిచి వెళ్ళేవాళ్ళని చూశాను. మంచు పడ్డ ఉదయం రాడ్ తడిగా కూడా ఉంటుంది. నీళ్ళ దగ్గరికి వెళ్ళాకే ముక్కలు బిగించండి.

రెండోది. డ్యాముల కింద, పవర్ హౌస్‌ల కింద ఏటి మధ్యకి దిగకండి. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు, 120 మెగావాట్లు. ఎప్పుడు ఏ యూనిట్ నడుస్తుందో, నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో గట్టు మీదున్నవాడికి తెలీదు. ఏ ఏటిలో దిగినా ముందు ఒక రాయి మీద నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు మునిగితే చేప తగిలి ఉన్నా సరే బయటికి వచ్చేయండి.

జయపురం కాఫీ | సోమవారం మధ్యాహ్నం 1:50

లైన్‌మన్ గారూ, మాచ్‌ఖండ్ ఏట్లో మహసీర్, అదే పెద్ద పొలుసుల ఏటి చేప, ఉందంటారు కదా. ఫ్లైకి పట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

జలాపుట్ లైన్‌మన్ | సోమవారం మధ్యాహ్నం 2:15

ఉంది బాబూ. పైన ఆంధ్ర వైపు, పాడేరు దగ్గర మత్స్యగుండంలో చూడండి. ఏటికి అడ్డంగా బండలు, నీళ్ళు వాటి కిందికి దూరి అవతల తేలతాయి. తేలిన చోట మడుగు నిండా మహసీర్లు. మనుషులంటే భయం లేదు, మరమరాలు వేస్తే చేతి దగ్గరికి వస్తాయి. దేవుడి చేపలు అవి, ఎవరూ ముట్టరు. శివరాత్రికి జనం విరగబడతారు. అక్కడికి రాడ్ తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి, గిరిజనులు ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా.

మోడరేటర్ | సోమవారం మధ్యాహ్నం 2:40

చిన్న మనవి. మహసీర్ ఉన్న మడుగుల గుర్తులు, మ్యాపులు ఇక్కడ పెట్టొద్దు. మత్స్యగుండం అందరికీ తెలిసిన క్షేత్రం కాబట్టి ఉంచాను. చదివేవాళ్ళలో బ్లీచింగ్ పౌడర్ కలిపి, ఇన్వర్టర్ కరెంటు పెట్టి చేపల్ని చంపేవాళ్ళూ ఉంటారు. ఏట్లో మందు కలపడం, డైనమైట్ పేల్చడం 1897 నాటి చట్టంలోనే నేరం. అయినా ఆగడం లేదు.

నాగావళి గట్టు | సోమవారం రాత్రి 8:30

ఇప్పుడు అసలు సంగతి, ఎందుకంటే ఇప్పటిదాకా చెప్పినదంతా చదివి విసురువల అన్నయ్య గెలిచాననుకుంటున్నాడు.

బావని పొడి బట్టల్లోకి మార్చాం. పొడి బట్టలంటే నా లుంగీ, మేనల్లుడి కాలేజీ స్వెట్టరు. మంట పక్కన ముసుగేసుకుని కూర్చున్నాడు. పదకొండు దాటింది. ఎండ నేరుగా నీళ్ళ మీద పడుతోంది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న పాయలో చిన్న చిన్న గుండ్రాలు లేచాయి. బావ వాటిని చూసి "చినుకులు పడుతున్నాయిరా" అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. కంటికి ఆనని సన్న పురుగులు నీటి మీద లేస్తుంటే చేపలు కింద నుంచి వచ్చి ఒక్కొక్కటీ నోటికి తీసుకుంటున్నాయి.

ఆ పురుగుల్ని తినే చేప వేలెడుంటుంది. వెండి ఒళ్ళు, పక్కల మీద నీలి పట్టీలు, చిల్వా జాతి. నీళ్ళు రాళ్ళ మధ్య నుంచి జోరుగా దిగి మడుగులో నెమ్మదించే చోట ఎదురీదుతూ నిలబడతాయి. బరువు గేలానికి అవి రావు. ఎర్ర కడితే నోట పట్టదు. వలలో పడితే విసురువల అన్నయ్య దాన్ని లెక్కలోకే తీసుకోడు. కానీ నువ్వు గింజంత ఫ్లై, 3 వెయిట్ రాడ్, వెంట్రుక లాంటి దారం ఉంటే ఆట మొత్తం మారిపోతుంది.

మొదట్లో ఒక్కటీ రాలేదు. నీళ్ళు తేట కదా, నా నీడ పడితే చాలు, పాయ మొత్తం ఖాళీ అయిపోయేది. మోకాళ్ళ మీద పాక్కుంటూ కింద వైపు నుంచి వెళ్ళాను. ఫ్లైకి, లైన్‌కి మధ్య దారం ఇంకో మూరెడు పొడిగించాను. వెనక ఈత చెట్లు ఉన్నాయి, లైన్ వెనక్కి పోయే చోటు లేదు. అలాంటి చోట లైన్ వెనక్కి ఎత్తకుండా నీటి మీదే చుట్టలా తిప్పి ముందుకి దొర్లించే విసురు ఒకటుంది, రోల్ కాస్ట్ అంటారు. దానితో పని జరిగింది. ఫ్లై నీటి మీద పడీ పడగానే టప్పుమని లాగింది. వేలెడు చేపే. రాడ్ చివర మాత్రం నీళ్ళకి ముట్టేటంత వంగింది.

ఆ తర్వాత గంటన్నర మేము ముగ్గురం మాట్లాడుకోలేదు. బావ కూడా వచ్చి లుంగీ ఎగ్గట్టి నా పక్కన కూర్చున్నాడు. ఆగి విసరడం ఆయనకి అప్పుడు వచ్చింది, చేపలు కళ్ళ ముందు లేస్తున్నాయి కాబట్టి. ఒకటి పట్టాడు. పదికిలోల బొచ్చె పట్టినప్పుడు కూడా అక్కకి ఫోన్ చెయ్యని మనిషి, వేలెడు చేపకి వీడియో కాల్ చేశాడు. అక్క అడిగిన మొదటి మాట, "గుడికి వెళ్ళారా?"

ఫ్లై రాడ్ కొనేవాళ్ళందరూ ఎవరో మహసీర్ ఎత్తి పట్టుకున్న ఫోటో చూసి కొంటారు. కొని, ఏడాదంతా ఖాళీ చేతులతో తిరిగి అటక మీద పెడతారు. నా మాట వినండి. మన నాగావళి, వంశధార, మహేంద్రతనయ లాంటి ఏళ్ళకి, అందునా చలికాలానికి, ఈ చిన్న చేపే సరైన చేప. నీళ్ళు తగ్గి తేటపడతాయి, బురద ఉండదు, జలగలుండవు, ఎండలో ఎంతసేపైనా ఉండొచ్చు. వానాకాలంలో ఇదే పాయలో కాలు పెట్టలేం. 2017 జూలై వరదకి తేరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది, మనమెంత.

ఒంటిగంటకి పిక్నిక్ వాళ్ళు దిగారు. జనవరి కదా. ట్రాక్టరు, దాని మీద నా కన్నా ఎత్తు సౌండ్ బాక్సులు. ఒక సంబల్పురి పాట, ఒక తెలుగు పాట. పిల్లలు నీళ్ళలోకి రాళ్ళేశారు. చేపలు పోయాయి. "ఎన్ని కేజీలు పడ్డాయి?" అని అడిగారు. వదిలేశామని చెబితే మా మీద జాలి వేసినట్టుంది, నాటుకోడి కూర, వేడన్నం పెట్టారు. తర్వాత బావ లుంగీలోనే డ్యాన్స్ చేశాడు. కింద పాయలో వెదురు కర్రతో కూర్చున్న ఒక ముసలాయన ఈ గోలకి తలైనా తిప్పలేదు. ఎర్రలు గుచ్చి మట్టగిడిసలు పడుతూనే ఉన్నాడు.

గుణుపురం విసురువల | సోమవారం రాత్రి 8:55

ఆ ముసలాయన నా పార్టీ. ఆయనకి మట్టగిడిసల కూర, మీకు పరాయివాళ్ళ నాటుకోడి. పట్టి వదిలేయడం ఏం ఆట? దాని నోటికి గుచ్చి, ఫోటో తీసి, మళ్ళీ వదిలి, మేము దయగలవాళ్ళం అనడం. తినేవాడు తినడానికే పడతాడు, అందులో నిజాయితీ ఉంది.

పర్లాకిమిడి ఈకలక్క | సోమవారం రాత్రి 9:20

అన్నయ్యా, మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. ఎండ బండ మీద చేపని పడుకోబెట్టి పది ఫోటోలు తీసి వదిలేవాళ్ళకన్నా మీ విసురువల నయం. వదలాలనుకుంటే ముందు చెయ్యి తడుపుకోవాలి. పొడి చెయ్యి తగిలితే ఒంటి మీద జిగురు పోయి, అది తర్వాత పుండుపడి చస్తుంది. నీళ్ళలో ఉంచే గేలం తీసేయాలి. ఫోటో అవసరం లేదు.

కానీ అన్నీ వదలాలని నేనూ అనను. చెరువుల్లో, రిజర్వాయర్లలో జిలేబీ చేప ఉంది కదా, తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చి వదిలారు, ఇప్పుడు మన పరిగెల తిండి, చోటు రెండూ తినేస్తోంది. అది ఫ్లైకి బాగా వస్తుంది. ఎన్ని పట్టినా తినేయండి, నేను కూడా పులుసు పెడతాను. మహసీర్ పడితే మాత్రం వదలాలి. అది పెరగడానికి ఏళ్ళు పడుతుంది.

గుణుపురం విసురువల | సోమవారం రాత్రి 9:34

జిలేబీ పులుసులో ముళ్ళే ఎక్కువ. అయినా సరే, మీరు పెడితే వస్తాను.

సిరొంచ ఇసుక | సోమవారం రాత్రి 9:50

అక్కా, ఫ్లైలు ఎక్కడ కొంటున్నారు? ఆన్‌లైన్లో ఒక్కోటి చాలా రేటుంది. నావి రెండు తుమ్మ చెట్టుకే పోయాయి.

పర్లాకిమిడి ఈకలక్క | సోమవారం రాత్రి 10:30

కొనకు తమ్ముడూ, కట్టుకో. నాకు ఈ పేరు ఎందుకొచ్చిందనుకున్నావు.

నీటి మీద తేలే ఫ్లైకి పుంజు మెడ ఈక కావాలి. సన్నగా, పొడుగ్గా, గట్టిగా ఉంటుంది, నీళ్ళు పీల్చదు. పెట్ట ఈక మెత్తన, అది మునిగే ఫ్లైకి పనికొస్తుంది. సంక్రాంతి అయ్యాక మా చుట్టాలింటికి వెళ్ళడం ఇందుకే. పందేల తప్పొప్పుల జోలికి నేను పోను, కానీ ఓడిన కోడి మాంసం వాళ్ళు తీసుకుంటారు, మెడ ఈకలు నాకు. డేగ పుంజు మెడ ఈకలు ఎరుపు, కాకి పుంజువి నలుపు. మన ఏళ్ళకి ఆ రెండు రంగులూ చాలు. ఫ్లై ఒంటికి చుట్టడానికి నెమలి ఈక పోగులు, రాలినవి మాత్రమే. కట్టే దారం బరంపురం నేతగాళ్ళ దగ్గర మిగిలిన పట్టు పోగు. నైలాన్ కన్నా మెత్తగా కూర్చుంటుంది, పాత కాలంలో ఇంగ్లండులో కట్టినవాళ్ళూ పట్టుదారమే వాడేవారు. ముడుల్లో జిగురు పెట్టడానికి సూది మా ఊళ్ళో కొమ్ము పని చేసే ఆయన గేదె కొమ్ముతో చేసిచ్చాడు.

అడవికోడి ఈకలు, జింక వెంట్రుకలు ఎవరైనా తెచ్చిస్తామంటే తీసుకోకండి. అడవికోడి మెడ ఈకల కోసం ఒకప్పుడు సాల్మన్ ఫ్లైలు కట్టే దొరలు ఎగబడేవారు. ఇప్పుడు నేరం. జింక వెంట్రుకల బదులు మేక వెంట్రుకలు కట్టండి, చేప తేడా కనిపెట్టదు.

జయపురం కాఫీ | మంగళవారం ఉదయం 7:15

రాడ్ కూడా కొనకుండా అయ్యే పద్ధతి ఉంటే చెప్పండి అక్కా, స్టూడెంటుని.

పర్లాకిమిడి ఈకలక్క | మంగళవారం ఉదయం 7:40

ఉంది. గట్టు తమ్ముడు చెప్పిన ముసలాయన చేతిలోనే ఉంది. జపాన్ కొండల్లో టెన్కరా అని ఒక పద్ధతి. రీలు లేదు, కర్ర చివరే దారం కడతారు, దాని చివర ఒక్క ఫ్లై. సన్నని వెదురు తీసుకుని నీడలో ఆరబెట్టు. చివర కర్ర పొడుగంత దారం కట్టు, దానికి మూరెడు సన్న టంగీసు, ఫ్లై. చిల్వాలకి అది 3 వెయిట్ రాడ్‌తో సమానంగా పనిచేస్తుంది. వెదురుని తక్కువ చూడొద్దు. బద్దలు చీల్చి అతికించి చేసే ఖరీదైన రాడ్లకి, చైనా టోంకిన్ వెదురు రాకముందు, కలకత్తా రేవు నుంచి వెళ్ళిన మన వెదురే వాడేవారు.

మా తాతగారు చిన్న రైల్లో, అదే నౌపడ నుంచి వచ్చే లైట్ రైల్వేలో, కర్ర కిటికీలోంచి బయటికి పెట్టి వెళ్ళేవారట. గార్డు ఎప్పుడూ తిట్టేవాడట.

పార్వతీపురం బావ | మంగళవారం మధ్యాహ్నం 12:10

నేనే ఆ బావని. మా అబ్బాయి ఫోన్లో చూపిస్తే చేరాను. అన్నీ నిజమే కానీ డ్యాన్స్ నేను చెయ్యలేదు, చలికి కాళ్ళు ఆడించాను. కర్పూరం ఇంకో పొట్లం కొని గుడికి వెళ్ళొచ్చాం, అది కూడా రాయాల్సింది.

ఒక ప్రశ్న. మా తోటపల్లి వైపు కాలవల్లో ఈ చిల్వాలు ఉంటాయా? ఫ్లై సైజు ఎంత కావాలి?

నాగావళి గట్టు | మంగళవారం మధ్యాహ్నం 12:45

వచ్చారా బావా! నిదానంగా పారే కాలవలో చిల్వాలు ఉండవు, నీళ్ళు రాళ్ళ మీద జోరుగా పారాలి. బ్యారేజీకి పైన రాళ్ళున్న పాయలు వెతకండి. సైజు 16. అది దొరక్కపోతే 14. అంకె పెరిగేకొద్దీ గేలం చిన్నది, షాపులో తికమక పడకండి. నీటి మీద ఏమీ లేవకపోతే చిన్న పూస కట్టిన మునిగే ఫ్లై అడుగున మెల్లగా లాగండి. పదకొండు దాటాకే వెళ్ళండి, అక్కని నేను ఒప్పిస్తాను.

జయపురం కాఫీ | మంగళవారం సాయంత్రం 5:30

కొలాబ్ రిజర్వాయర్ గట్టు మీద తిలాపియాకి వెయ్యాలంటే ఎవర్నైనా అడగాలా?

జలాపుట్ లైన్‌మన్ | మంగళవారం సాయంత్రం 6:05

అడగాలి. రిజర్వాయర్లలో చేపల హక్కు లీజు తీసుకున్న సొసైటీలది. ముందు రోజు సాయంత్రం పడవల రేవు దగ్గరికి వెళ్ళి సొసైటీ పెద్దని అడగండి, గట్టు మీంచి ఒక్క రాడ్ అంటే సాధారణంగా కాదనరు. వాళ్ళ వలల బెండ్లు ఎక్కడున్నాయో కూడా అడగండి, మీ ఫ్లై వాటికి చిక్కుకుంటే గొడవ. సంత రోజు మాత్రం వెళ్ళొద్దు, రేవులో ఎవరూ ఉండరు.